నీలినాలుక కబురు మంద దాకా, మంద కబురు డాక్టరు దాకా సరిగ్గా చేరాలంటే? (నెల్లూరు జిల్లా ఉదయగిరి, వింజమూరు మెట్ట)

మెట్ట పశుసహాయకుడు:

అందరికీ నమస్కారం. మా రైతు సేవా కేంద్రం పరిధిలో అన్నీ మెట్ట ఊళ్లు. జీవాల్లో ఎక్కువ భాగం నెల్లూరు జోడిపి, నెల్లూరు బ్రౌన్ గొర్రెలే. వాటితోపాటు మందకు నాలుగైదు మేకలు, ఊళ్లో గేదెలు. ఈశాన్య రుతుపవన వానలు పడి నేల ఆరని రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నీలినాలుక (గొర్రెలకు వచ్చే మూతివాపు రోగం) భయం ఉంటుందని ఇక్కడ అందరికీ తెలుసు.

రోగం గురించి చెప్పడానికి సరుకు చాలానే ఉంది. చేరవేయడంలోనే తేడా వస్తోంది. పై నుంచి వచ్చే హెచ్చరిక రెండు పేజీల పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పడుతుంది, దాన్నే కాపరుల గ్రూపులోకి పంపేస్తాం. చదవగలిగినవాళ్లు ఊళ్లో ఉంటారు. మంద వెంట తిరిగే మనిషి దగ్గర బటన్ ఫోను ఉంటుంది. ఇటునుంచి డాక్టరు గారికి వెళ్లే కబురు ఇంకా అన్యాయం: "పది గొర్రెలు మూతి వాచి పడిపోయినై" అని ఒక్క ముక్క, మసకగా ఒక ఫోటో. ఎన్నింటిలో పది, ఎన్ని రోజుల నుంచి, మేకలకు కూడా ఉందా అన్నది అందులో ఉండదు. ఈలోపు ఊళ్లో ఒకరు పారుడు రోగమంటారు, ఇంకొకరు గాలికుంటు అంటారు.

కాపరికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? డాక్టరుకు పంపే కబురులో తప్పనిసరిగా ఏమేం ఉండాలి? ల్యాబు రిపోర్టు రాకముందు ఎంతవరకు మాట్లాడవచ్చు? అనుభవమున్నవాళ్లు వివరంగా చెప్పండి.

కావలి వెట్:

ముందు కాలాన్ని బట్టి ఇచ్చే హెచ్చరికను, రోగం కనపడ్డాక ఇచ్చే కబురును విడదీయండి. రెండూ ఒకే మాటలతో పోతే రెండోది వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోరు. "ఏటా చెప్పేదేగా" అనుకుంటారు.

మొదటిదానికి బెంగళూరులోని నివేది (పశురోగాల పరిశోధన సంస్థ) నడిపే నాడ్రెస్ అనే ముందస్తు సూచన చూడండి. ఏ జిల్లాలో ఏ రోగానికి ఎంత అవకాశముందో రెండు నెలల ముందే చెబుతుంది. ఆగస్టులో చూస్తే అక్టోబరు సంగతి తెలుస్తుంది. అయితే అది జిల్లా మొత్తానికి వేసిన అంచనా. "మన ఊరికి రోగం వస్తోంది" అని దాన్ని కాపరులకు పంపకండి. టీకాల ఇండెంటుకు, ట్యూబులూ ఐసు ప్యాకులూ సిద్ధం చేసుకోవడానికి మీరు వాడుకోవలసినది అది. కాపరికి ఆగస్టులో వెళ్లాల్సిన మాట ఒక్కటే: ఫలానా తేదీన, ఫలానా చోట టీకా, మందను ఉదయం 8 లోపల కదలనివ్వకండి. నీలినాలుక టీకా నిర్జీవ టీకా, అంటే చంపిన వైరస్‌తో చేసినది. ఒక్క మోతాదుతో గట్టి రక్షణ రాదు. లేబుల్‌లో చెప్పిన వ్యవధికి, సాధారణంగా మూడు నాలుగు వారాలకు, రెండోసారి వేయాలి. అక్టోబరులో వానలు మొదలయ్యాక మొదటి మోతాదు వేస్తే రోగం ముందు నడుస్తుంది, రక్షణ వెనక వస్తుంది.

రెండోది అసలు పని. ఈ రోగం గొర్రె నుంచి గొర్రెకు తగిలి అంటుకునేది కాదు. క్యులికాయిడ్స్ అనే 1 నుంచి 3 మిల్లీమీటర్ల చిన్న దోమ కుట్టి అంటిస్తుంది. పేడ కలిసిన బురద, వరి మడి గట్లు, నీళ్లు కారే తొట్ల పక్కన తడి నేల దాని పుట్టిల్లు. పొద్దుగూకే వేళ నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. మామూలు దోమతెర కళ్లలోంచి దూరిపోతుంది. గేదెలు, ఆవుల్లో వైరస్ ఉన్నా సాధారణంగా పైకి ఏ లక్షణమూ కనపడదు. అందుకే "కొత్త జీవాలు ఏవీ కొనలేదు, రోగం ఎట్లా వచ్చింది" అని కాపరి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే, జవాబు ఇదే.

దీన్నిబట్టి కాపరి ఆ రోజే చేయాల్సిన పని మారిపోతుంది. పారుడు రోగమైతే జబ్బు జీవాన్ని వెంటనే వేరు చేయాలి, మందను ఇంకో మందతో కలవనివ్వకూడదు, ఉమ్మడి తొట్టిలో నీళ్లు తాపకూడదు. నీలినాలుక అయితే మందను చెరువు కింద మాగాణి పక్కనుంచి ఎత్తైన, గాలి ఆడే, నీరు నిలవని మెట్టకు మార్చాలి, అదీ పొద్దు వాలకముందే. ఏ రోగమో తేలనంతవరకు రెండు పనులూ చేయించండి. వేరు చేయడం వల్ల నష్టం లేదు.

అనుమానం దగ్గరే తేడా పట్టడానికి ఇవి చూడండి. నీలినాలుకలో 105 నుంచి 107 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా జ్వరం, మూతి, పెదవులు, దవడ కింద వాపు, నోటి నురగ, ముక్కు నుంచి మొదట నీళ్లు, తర్వాత చీమిడి, ఎండాక పెచ్చులు. తర్వాత కొన్ని రోజులకు గిట్ట పైన చర్మం కలిసే చోట ఎర్రటి పట్టీ, కుంటు, కొన్ని మోకాళ్ల మీద నడుస్తాయి. మెడ ఒక పక్కకు తిరిగిపోవచ్చు. పక్కనే ఉన్న మేకలు చాలావరకు బాగానే ఉంటాయి. పారుడు రోగంలో మేకలకు కూడా గట్టిగా తగులుతుంది, కళ్లకు పుసి కట్టి రెప్పలు అతుక్కుంటాయి, దుర్వాసనతో పారుడు, దగ్గు, నిమోనియా, కుంటు ఉండదు. గాలికుంటులో పొక్కులు లేచి పగులుతాయి, అదే సమయంలో ఊళ్లో ఆవులు, గేదెలు కూడా సొల్లు కారుస్తాయి. బొబ్బ రోగంలో తోక కింద, తొడల లోపల, మూతి చుట్టూ గట్టి గడ్డలు. జ్వరమే లేకుండా దవడ కింద నీరు మాత్రమే దిగితే కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) వైపు ఆలోచించండి.

జోడిపిలో ఒక చిక్కుంది. వాటి పెదవుల మీద, కళ్ల చుట్టూ పుట్టుకతోనే నల్ల మచ్చలుంటాయి. పెదవి రంగు చూసి నీలం తిరిగిందని గానీ తిరగలేదని గానీ చెప్పకండి. పెదవి తిప్పి చిగుళ్లు, పై దవడలో పళ్లు లేని గట్టి చిగురు, నాలుక అడుగు చూడండి. అసలు నాలుక నీలం తిరగడం అన్నింటిలో కనపడదు. "నాలుక నీలంగా లేదు కాబట్టి ఇది అది కాదు" అనుకోవడంతోనే మొదటి వారం పోతుంది.

డాక్టరుకు పంపే కబురులో ఉండాల్సినవి: ఊరు, మంద ఇప్పుడు నిలిచిన చోటు, మొదటి జీవం జబ్బుపడిన తేదీ, మందలో మొత్తం ఎన్ని, జబ్బువి ఎన్ని, చచ్చినవి ఎన్ని, ఆ లెక్క గొర్రెలకు, పిల్లలకు, మేకలకు విడివిడిగా. ఏ టీకా ఎప్పుడు వేశారు, నెల లోపల కొత్త జీవాలు కలిశాయా, సూడివి ఈసుకుపోయాయా. మొత్తం సంఖ్య లేకుండా జబ్బువాటి సంఖ్య ఎందుకూ పనికిరాదు. 120లో 18 అంటే 15 శాతం, 40లో 18 అంటే 45 శాతం. ఆ రెంటికీ డాక్టరు తీసుకునే నిర్ణయం ఒకటి కాదు.

ఫోటోలు నాలుగు చాలు: పెదవి తెరిచి చిగుళ్లు, ముఖం పక్కనుంచి, గిట్ట పైభాగం కడిగాక, మంద మొత్తం ఒకటి. పగటి వెలుగులో తీయాలి, ఫ్లాష్ వేస్తే తడి చిగుళ్లు మెరిసి పుండు కనపడదు.

ఇంకోటి, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టంలో నీలినాలుక కూడా ఉంది. అనుమానం వస్తే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పవలసిన బాధ్యత యజమానిదే. కాపరిని బెదిరించడానికి దీన్ని ఎత్తకండి. మీకొచ్చిన ప్రతి కబురును రాతలో పైకి పంపడానికి అండగా వాడుకోండి.

మందకాడ మనిషి:

డాక్టరు గారు చెప్పిన రోగం లెక్కలో తీసేసేదేం లేదు. కబురు చేరే దారి గురించి నాలుగు మాటలు.

పొద్దున మంద కదిలితే ఫోను మోగినా ఎవరూ ఎత్తరు. మధ్యాన్నం 12 నుంచి 2 దాకా జీవాలు చెట్టు నీడన నెమరేస్తా పడుకుంటాయి. చెప్పేది అప్పుడు చెప్పండి, లేదంటే రాత్రి 7 దాటినాక. వెలిగొండ కొండ కింద, సీతారామపురం పక్కన సిగ్నలు లేని చోట్లు శానా ఉండాయి. అట్టాంటోళ్లకి ఇంట్లో ఆడోళ్లకి చెప్పండి, సద్ది తెచ్చే మనిషితో కబురు పోతాది. మందల లెక్క ఇంట్లో ఆడోళ్లకే బాగా తెలుస్తాది కూడా.

వాయిస్ పంపితే 40 సెకన్లు దాటనీయొద్దు. బటన్ ఫోనోళ్లకి అదే మాట మీరే ఫోను చేసి చెప్పాల, లేదంటే ఊళ్లో మైకు ఆటో. ఊరికి ఇద్దరు పెద్ద కాపరుల్ని పట్టుకోండి, ఒక్కొక్కరు పది మందలకి చెప్పే ఒప్పందం. చెప్పినాక "అందింది" అని మీకు మిస్డ్ కాల్ ఇయ్యమనండి. కాల్ రాని మందకే మీరు తిరిగితే సరిపోతాది.

ఇంకో ఇద్దరికి కూడా చెప్పాల. ఒకరు మందుల షాపాయన. జబ్బు వస్తే కాపరి ముందు పోయేది ఆడికే. ఒకే వారంలో మూతివాపుకని ఇద్దరు ముగ్గురు మందు అడిగితే మీకు ఫోను చేయమని చెప్పి పెట్టండి. ఇంకొకరు పొలానికి ఎరువు కోసం మంద కట్టించుకునే రైతు. ఆయనకి తెలియకపోతే బురద మడిలోనే మంద పెట్టమంటాడు, ఒప్పుకున్న మాట కోసం కాపరి పెడతాడు.

దాచే సంగతి ఒకటుంది. రోగం అని మైకులో పేరు పెట్టి చెప్పిన రోజే బేరగాళ్లు పొట్టేళ్లని సగం ధరకి అడగతారు. ఆ భయంతోనే జనం నోరు మూసుకొని జబ్బువాటిని సంతకి తోలేస్తారు. అందుకని ఊరి పేరు చెప్పండి, మంద ఎవరిదో చెప్పొద్దు. ఈ రోగం మనిషికి రాదని అదే కబురులో చెప్పండి. జబ్బు జీవాన్ని కోసి అమ్మొద్దని కూడా చెప్పాల, రెండూ కలిపి చెప్పకపోతే ఒకటే నిలబడతాది.

ల్యాబు బల్ల:

రిపోర్టు రాకముందు ఏం మాట్లాడాలన్న ప్రశ్నకు నమూనా దగ్గర్నుంచే జవాబు మొదలవుతుంది. సరైన నమూనా రాకపోతే రిపోర్టు "లేదు" అంటుంది, ఊళ్లో రోగం మాత్రం ఉంటుంది. ఆ ఒక్క తప్పు రిపోర్టుతో మీ మాట మీద నమ్మకం పోతుంది.

నీలినాలుక వైరస్ ఎర్ర రక్తకణాలకు అతుక్కుని ఉంటుంది కాబట్టి గడ్డకట్టని రక్తం కావాలి. జ్వరం కొత్తగా వచ్చిన, ఇంకా యాంటీబయాటిక్ పడని నాలుగైదు జీవాల నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్లు తీయండి. తీసిన వెంటనే ట్యూబును మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, కుదిపితే కణాలు పగులుతాయి. అవే జీవాల నుంచి ఎర్ర మూత ట్యూబులో సీరం కోసం ఇంకో 5 మిల్లీలీటర్లు. పారుడు రోగం అనుమానం కూడా ఉంటే కంటి, ముక్కు స్రావాలను దూది పుల్లతో తీసి ల్యాబు ఇచ్చే ద్రావణంలో వేయండి. పొడి పుల్ల పంపితే దారిలోనే ఎండిపోతుంది.

ఈడీటీఏ రక్తాన్ని ఫ్రీజరులో పెట్టకండి. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చాలు. ఐసు ప్యాకుకు ట్యూబు నేరుగా తగలకుండా మధ్యన కాగితం చుట్టండి. పేర్లు జెల్ పెన్నుతో రాస్తే ఐసు చెమ్మకు చెరిగిపోతాయి, అంటుపట్టీ మీద పెన్సిలుతో రాయండి. పండుగ ముందురోజు, శనివారం సాయంత్రం పంపకండి, సోమవారం దాకా ఐసు ఆగదు.

చచ్చిన గొర్రె దొరికితే డాక్టరు గారు కోసి చూసేటప్పుడు పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళం) మొదట్లో గోడలో రక్తపు మచ్చలు చూడాలి. అది నీలినాలుకకు చాలా బలమైన గుర్తు, ల్యాబు కంటే ముందే దారి చూపిస్తుంది. ప్లీహం ముక్క ఐసులో పంపండి.

రిపోర్టు చదవడంలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. సీరంలో యాంటీబాడీ ఉందంటే గొర్రె ఎప్పుడో ఆ వైరస్‌ను చూసిందని, లేదా టీకా పడిందని అర్థం. మన ప్రాంతం లాంటి చోట అది ఇప్పటి రోగానికి రుజువు కాదు. రెండు మూడు వారాల తేడాతో అదే జీవం నుంచి రెండు సీరాలు తీసి యాంటీబాడీ పెరిగిందేమో చూడాలి, లేదా రక్తంలో ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. ఇటు పీసీఆర్ కూడా జీవం కోలుకున్న తర్వాత నెలల తరబడి పాజిటివ్ రావచ్చు. వైరస్ బతికి లేకపోయినా దాని ఆర్‌ఎన్ఏ ముక్కలు రక్తంలో ఉంటాయి. కాబట్టి లక్షణాలున్న జీవం రక్తమే పంపండి, బాగుపడిన దాన్ని కాదు.

మీ కబురులో మూడు మెట్లు పెట్టుకోండి: "అనుమానం", "డాక్టరు చూసి నీలినాలుక అనుకుంటున్నారు", "ల్యాబులో తేలింది". ఏ మెట్టు మీద ఉన్నారో ప్రతిసారీ చెప్పండి, తేదీతో సహా. లేదని తేలినా సరే, రక్తం తీయించుకున్న కాపరికి ఫలితం చెప్పి తీరాలి. ఫలితం తిరిగి రాని చోట రెండోసారి రక్తం తీయనివ్వరు.

మెట్ట పశుసహాయకుడు:

అందరికీ ధన్యవాదాలు. ఈ వాయిస్ రాసుకున్నాను, సరిచూడండి.

"ఫలానా ఊరి మందల్లో గొర్రెలకు మూతివాపు, కుంటు కనిపించింది. రక్తం ల్యాబుకు పంపాం, ఇంకా తేలలేదు. సాయంత్రం 5 లోపల మందను బురద లేని మెట్టకు తోలండి. జబ్బువాటిని నీడలో వేరుగా కట్టండి. నోట్లో సీసాతో ఏదీ పోయకండి. మనుషులకు రాదు. జబ్బు జీవాల్ని అమ్మకండి, కోయకండి. మంద లెక్క చెప్పడానికి ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి."

రెండు సందేహాలు మిగిలాయి. టీకా వేసిన మందలో కూడా వస్తే జనం ఏమంటారో తెలుసు, దానికేం చెప్పాలి? దోమకు మందు పిచికారీ చేయించవచ్చా?

కావలి వెట్:

వాయిస్ బాగుంది. సీసా సంగతికి కారణం కూడా చేర్చండి, కారణం లేని నిషేధాన్ని ఎవరూ పాటించరు: "నాలుక వాచి గొర్రె మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది." ఈ రోగంలో చావులు చాలావరకు నిమోనియాతోనే, అందులో కొంత మనం చేతులారా తెచ్చుకునేది. గంజి, రాగి జావ గిన్నెలో పెడితే అదే నాకుతుంది, లేత గడ్డి ముందు వేయాలి. నోరు కడగడానికి పొటాషియం పర్మాంగనేట్ లీటరు నీటికి 1 గ్రాము మించకూడదు. పలుకు పూర్తిగా కరిగాకే వాడాలి, కరగని పలుకు పుండును కాల్చేస్తుంది. ఆ తర్వాత పుండ్లకు బోరో గ్లిజరిన్. ఎండలో ఉంచితే వాపు ముదురుతుంది. వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్, జ్వరం సూది నిమోనియా కోసం, నొప్పి కోసం, అవి డాక్టరు చూసి వేయాల్సినవి. మందను తోలుకురాలేకపోతే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవమనండి.

టీకా ప్రశ్నకు నిజమే చెప్పండి, టీకా వేసే రోజునే ముందుగా చెప్పండి. ఈ వైరస్‌లో రెండు డజన్లకు పైగా రకాలున్నాయి. మన దగ్గర వాడే టీకాలో ఐదు రకాలు ఉన్నాయి: 1, 2, 10, 16, 23. ఇంకో రకం వస్తే టీకా పడిన గొర్రెకు కూడా రావచ్చు. కాబట్టి టీకా మందలో రోగం కనపడితే ఆ రక్తం తప్పకుండా పంపి ఏ రకమో తేల్చమని అడగండి, తర్వాతి టీకాలకు పనికొచ్చే సమాచారం అదే. నిందించే ముందు మన ఐసు పెట్టె కూడా చూసుకోవాలి. నిర్జీవ టీకా గడ్డకడితే పాడైపోతుంది. ఫ్రీజరు నుంచి తీసిన ఐసు ప్యాకుల మధ్య సీసాను నేరుగా దూర్చవద్దు. పారుడు టీకా దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది బతికిన వైరస్, కలిపిన తర్వాత ఐసు మీద ఉంచి రెండు గంటల్లో వాడేయాలి. రెండు టీకాలూ ఒకే పెట్టెలో మోసేవాళ్లు ఈ రెండు సూత్రాలను కలిపేస్తుంటారు.

పిచికారీ విషయం. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి లేబుల్ మోతాదులో పొట్ట కింద, కాళ్ల మీద పడేలా కొట్టాలి, ఈ దోమ అక్కడ ఎక్కువ కుడుతుంది. వాన పడితే కొట్టుకుపోతుంది, కాబట్టి ఇది మంద చోటు మార్చడానికి బదులు కాదు. మన జిల్లాలో ఒక జాగ్రత్త తప్పనిసరి: ఈ మందులు చేపలకు, రొయ్యలకు పరమ విషం. మందు కొట్టిన జీవాల్ని కాలువలో కడగకండి, డబ్బా చెరువులో తొలపకండి, ముఖ్యంగా ఆ నీరు రొయ్యల గుంటలకు పోయే చోట. వేపాకు పొగ పెట్టేవాళ్లు పెట్టుకోవచ్చు, జబ్బు జీవాల ముక్కుల్లోకి పోకుండా, గాలివాలు చూసి.

మందకాడ మనిషి:

వాయిస్‌లో "సాయంత్రం 5" అంటే మందకాడ గడియారం చూసేవాళ్లు తక్కువ, "పొద్దు ఇంకా బారెడు ఉండగానే" అనండి. "ఇంకా తేలలేదు" అన్నారు కదా, ఎప్పుడు తేలతాదో, ఎప్పుడు మళ్లీ చెప్తారో కూడా అనండి. "వచ్చే గురువారం మధ్యాన్నం మళ్లా చెప్తాం" అంటే ఆ రోజు దాకా జనం ఆగతారు, లేకపోతే మర్నాడే సంతకి తోలతారు. గురువారం రిపోర్టు రాకపోయినా రాలేదని చెప్పేదానికైనా ఫోను చేయాల.

ల్యాబు బల్ల:

దానికి తోడు, నమూనా పంపిన రోజే ల్యాబుకు ఫోను చేసి ఎన్ని రోజుల్లో తేలుతుందో అడిగి, ఆ తేదీనే వాయిస్‌లో చెప్పండి. రక్తంతోపాటు పంపే కాగితంలో మీ ఫోను నంబరు స్పష్టంగా రాయండి. చాలా కాగితాల్లో పైఅధికారి నంబరు ఒక్కటే ఉంటుంది, ఫలితం అక్కడే ఆగిపోతుంది.